అక్షహృదయం నుంచి చీటీల దాకా

నన్నయ అరణ్యపర్వంలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ కంటిచూపుతోనే లెక్కగట్టి, నలుడికి అక్షహృదయాన్ని ఉపదేశిస్తాడు. పాచికల వెనుక గణితముందన్న ఎరుక అంత పాతది.

యంత్రాల పాచికలకూ అదే వర్తిస్తుంది. 1949లో అమెరికా గణితవేత్త డి.హెచ్. లేమర్, ఒక సంఖ్యను గుణించి, భాగహార శేషాన్ని తరువాతి సంఖ్యగా తీసుకునే పద్ధతిని ప్రతిపాదించారు. నింటెండో చేతియంత్రాల్లోని పోకెమాన్ ఆటలు ఆ కోవకు చెందిన సూత్రాన్నే వాడాయి. 2004 నాటి ఎమరాల్డ్‌లో యంత్రాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ ఆ లెక్క సున్నా నుంచే మొదలై, సెకనుకు సుమారు 60 సార్లు ముందుకు జరిగేది. మొదలు తెలిసినందున, 8192లో ఒకసారి మాత్రమే ఎదురయ్యే మెరుపురంగు జీవి కోసం ఏ క్షణాన మీట నొక్కాలో ఆటగాళ్లు గణించగలిగారు.

ఆటలో వినోదమైన ఈ ముందెరుక ఎన్నికల తనిఖీలో ప్రమాదకరం. చంద్రబాబు నాయుడు సహా ప్రతిపక్ష నేతల పిటిషన్‌పై 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు పోలింగ్ కేంద్రాల వీవీప్యాట్ చీటీలను లెక్కించాలని ఆదేశించింది. ఆ కేంద్రాలను ఓట్ల లెక్కింపు ముగిసే వేళ, అభ్యర్థుల ఎదుటే లాటరీ తీసి ఎంపిక చేస్తారు. ఏ కేంద్రం వస్తుందో ఎవరికీ ముందుగా తెలియకపోవడమే ఉరవకొండ రైతుకూ, రాయ్‌పూర్ చెంతనున్న ఉర్లా కార్మికుడికీ సమానంగా దక్కే భరోసా.