గోదారి మీద వినపడని ఇంజను

తెలుగు సినిమా పడవకి ఒక వంశవృక్షం గీయొచ్చు. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన 'మూగమనసులు'లో అక్కినేని నాగేశ్వరరావు పడవ నడిపే గోపి. 1973లో బాపు 'అందాల రాముడు'లో ఆయనే రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ ఎక్కుతారు. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'దీ అదే దారి. 2025లో వచ్చిన 'తండేల్'లో ఆయన మనవడు నాగచైతన్య శ్రీకాకుళం జాలరి. తాత చేతిలో గడ, మనవడి కాళ్ల కింద ఇంజను. ఈ అరవయ్యేళ్లలో పరిశ్రమ కూడా మెల్లగా మద్రాసు వదిలింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చింది, తర్వాత జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ నిండాయి. నది లేని రాళ్లగుట్టల మీద కూర్చుని నది కథలు అల్లుకున్నాం.

ఇంత పడవ ప్రేమలో ఇంజనుకి చోటు దొరకలేదన్నదే నా ఫిర్యాదు. గడకి పాట ఉంది, తెరచాపకి పాట ఉంది. ఇంజను మోగితే డైలాగు వినపడదు. అవుట్‌డోర్‌లో తీసిన మాటల్ని డబ్బింగ్ థియేటర్లో మళ్లీ చెప్పించేటప్పుడు ఆ చప్పుడు ఎంత కావాలో అంతే ఉంచుతాం. అంటే దాదాపు ఉంచం.

లాంచీ ఇంజను పడవ కడుపులో ఉంటుంది. అవుట్‌బోర్డ్ అలా కాదు. వెనక చెక్కకి బిగించి, పనయ్యాక విప్పి, భుజాన ఇంటికి మోసుకుపోయే ఇంజను. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో చేసినది ఒకటిన్నర హార్స్‌పవర్‌ది. హార్బర్ లేని మన తీరపు ఊళ్లలో తెప్పని ఇసక మీంచి నేరుగా కెరటాల్లోకి తోస్తారు. అలాంటిచోట ఈ విప్పి మోసే ఇంజను ఎంత అక్కరకొచ్చిందో వేరే చెప్పాలా? కానీ కెరటం దాటే ఆ కాసేపట్లో పికప్ పోయిందంటే తెప్ప అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగితే బోల్తా.

పాత రెండు సిలిండర్ల ఇంజను నిలకడగా ఐడిలింగ్‌లో బాగానే ఉండి, థ్రాటిల్ తిప్పితే మాత్రం ఏడుస్తోందనుకోండి. తెలిసిన మెకానిక్ ముందే టైమింగ్ జోలికి పోడు. పెట్రోల్లో నీళ్లున్నాయా, కార్బురేటర్ జెట్టు పూడిందా, ప్లగ్గుల రంగేంటి, కంప్రెషన్ ఉందా అన్నవి ముందు చూస్తాడు. అవన్నీ సరిగ్గా ఉంటేనే ఫ్లైవీల్ విప్పుతాడు. దాని కింద పాయింట్లుంటాయి. పాయింటుకి ఆనుకున్న ఫైబర్ మడమ అరిగితే గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, నిప్పు ఆలస్యమవుతుంది. ఫ్లైవీల్‌ని షాఫ్టుతో కలిపే చిన్న కీ కొంచెం తెగినా లెక్కంతా జరిగిపోతుంది.

అన్నిటికంటే మోసం చేసేది లింకేజీ. ఈ పాత ఇంజన్లలో చాలావాటికి హ్యాండిల్ తిప్పితే కార్బురేటర్ తెరుచుకోవడమే కాదు, పాయింట్లున్న ప్లేటు కూడా తిరిగి నిప్పుని ముందుకి జరుపుతుంది. ఆ జాయింట్లు అరిగితే గాలి, పెట్రోలు వస్తాయి, నిప్పు మాత్రం వెనకే ఉండిపోతుంది. నిమిషానికి 5000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక చుట్టుకి 12 మిల్లీసెకన్లు. 30 డిగ్రీలంటే ఒకే ఒక్క మిల్లీసెకను. సినిమా ఫ్రేము ఒకటి గడిచేలోపు ఈ ఇంజను దాదాపు మూడున్నర చుట్లు తిరిగేస్తుంది. పోనీ నిప్పుని బాగా ముందుకి జరిపేద్దామా అంటే, అదీ ప్రమాదమే. పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌తో నడిపే ఇంజనైతే మరీను. కిరోసిన్ తొందరగా నాక్ కొడుతుంది, పిస్టన్ కాలిపోతుంది.

దీన్ని కొలిచే టైమింగ్ లైట్ నన్ను ఫిల్మ్ నగర్‌కి లాక్కొస్తుంది. మొదటి ప్లగ్గు వైరుకి తగిలిస్తే, నిప్పు పుట్టిన ప్రతిసారీ ఆ దీపం మెరుస్తుంది. గిర్రున తిరిగే ఫ్లైవీల్ మీది గీత ఆ మెరుపుల్లో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. సినిమా చేసేది దీనికి తిరగబడిన పని. ఆగి ఉన్న బొమ్మల్ని సెకనుకి 24 చొప్పున చూపించి కదిలిస్తుంది. రెండూ మన కంటి మీద ఆడే ఆటలే, రెండిటికీ ప్రాణం సింకే. పెదవికీ మాటకీ రెండు ఫ్రేముల తేడా వస్తే పట్టేసే ఎడిటర్‌కి, మిల్లీసెకను తేడాని చెవితో పట్టే మెకానిక్ దూరపు చుట్టమేం కాదు.

ఆ తర్వాత సీడీఐ వచ్చింది. పాయింట్లు పోయాయి, వాటితోపాటు గ్యాప్ సరిచేసే పనీ పోయింది. జాలరికి అది మేలే. చెవితో నేర్చుకున్న ఆ విద్య మాత్రం తెర మీద నిలవకుండానే వెళ్లిపోతోంది. గడని, తెరచాపని దాచిపెట్టుకున్నాం కదా, ఇదెందుకు కాకూడదు? ఎవరైనా మళ్లీ పడవ కథ పట్టుకుని ఫిల్మ్ నగర్‌కి వస్తే నేను అడిగేది ఒక్కటే. హీరోయిన్ మాట్లాడకముందు, ఒక్క నిమిషం ఆ ఇంజనుని మోగనివ్వండి. మిస్ కొడితే ఇంకా మంచిది.