జపానులో జో మార్చ్

లూయిసా మే ఆల్కాట్ రాసిన ‘లిటిల్ విమెన్’ మొదటి భాగం 1868లో బోస్టన్‌లో అచ్చయింది. అందులోని నలుగురు అక్కచెల్లెళ్లలో రెండోది జో. అటకెక్కి కథలు రాస్తుంది, వాటిని పత్రికలకు పంపుతుంది, రాతతో వచ్చిన డబ్బు ఇంటి ఖర్చులకు ఇస్తుంది. ఈ నవల 1906లో జపాను భాషలోకి వచ్చింది. కితాదా షూహో పేరుతో వెలువడిన ఆ అనువాదాన్ని ‘షోఫుజిన్’ అన్నారు. అక్కచెల్లెళ్లకు అందులో జపాను పేర్లే పెట్టారు.

ఆ నవల అప్పుడే రావడానికి తగిన పరిస్థితులు అంతకు ఏడేళ్ల ముందు నుంచే ఏర్పడుతున్నాయి. ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక బాలికల ఉన్నత పాఠశాల ఉండాలని 1899లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆడపిల్లల్ని రచయిత్రుల్ని చేయడం దాని ఉద్దేశం కాదు. మంచి ఇల్లాలు, తెలివిగల తల్లి తయారు కావాలన్నదే ఆనాటి ఆదర్శం. అందుకే కుట్టుపనికీ గృహనిర్వహణకూ నీతిబోధకూ పాఠాల్లో పెద్దపీట వేశారు. అయినా చదవడం నేర్చిన పిల్లలకు చదువుకోవడానికి ఏదో ఒకటి కావాలి. పత్రికలవాళ్లు ఈ సంగతి త్వరగానే గ్రహించారు. ‘షోఫుజిన్’ వచ్చిన 1906లోనే ‘షోజో సెకాయ్’ అనే బాలికల పత్రిక మొదలైంది. అందులో పాఠకురాళ్లు పంపిన రచనలు కూడా వేసేవారు. అలాంటి పత్రికలకు రాస్తూ చేయి తిరిగినవారిలో యోషియా నొబుకో ఒకరు. ఆమె 1916లో మొదలుపెట్టిన ‘హనా మొనొగతారి’ కథలు బాలికల సాహిత్యంలో ఒక ఒరవడినే సృష్టించాయి.

జపానులో ఆడవాళ్లు కలం పట్టడం జోతో మొదలైన విషయం కాదు. పదకొండో శతాబ్దపు రచయిత్రి మురసాకి షికిబు సంగతి అలా ఉంచినా, రాతనే జీవనాధారం చేసుకోవాలని చూసిన హిగుచి ఇచియో 1896లో ఇరవై నాలుగేళ్లకే క్షయతో కన్నుమూసింది. అదే ఏడాది చనిపోయిన వకమత్సు షిజుకో, ‘లిటిల్ లార్డ్ ఫాంట్లెరాయ్’ని వాడుక భాషకు దగ్గరైన శైలిలో అనువదించి పేరు తెచ్చుకుంది. సొంత కథ అచ్చుకు ఇవ్వడానికి జంకే ఇళ్లలో కూడా పరాయి కథను తర్జుమా చేయడం గౌరవమైన పనిగానే చెల్లింది. అనువాదం ఆడవాళ్లకు రచనలోకి దొడ్డిదారి అయింది.

‘లిటిల్ విమెన్’కు పెద్దల అభ్యంతరం అంతగా ఎదురుకాకపోవడానికి కారణం ఆ నవలలోనే ఉంది. ఓర్పు, పొదుపు, సేవ గురించి తల్లి చెప్పే మాటలు బడిలో చెప్పే నీతిపాఠాలకు దగ్గరగానే ఉంటాయి. రెండో భాగం చివరికి జో కూడా పెళ్లి చేసుకుంటుంది. ఆల్కాట్‌కు మాత్రం ఇది ఇష్టం లేదు, పాఠకుల పోరు పడలేక ఒప్పుకుంది. ఆమె జీవితాంతం పెళ్లి లేకుండా, రాసి కుటుంబాన్ని పోషించింది.

తర్వాతి మలుపు సినిమా తెచ్చింది. జార్జ్ కూకర్ 1933లో తీసిన చిత్రంలో జోగా కాథరిన్ హెప్‌బర్న్ నటించింది. అది ‘వకకుసా మొనొగతారి’ పేరుతో 1934లో జపానులో ఆడింది. లేతగడ్డి కథ అనే ఆ పేరు నవలకు అలాగే స్థిరపడిపోయింది. ఆ ఏడే అదే పేరుతో అనువాదాన్ని వెలువరించిన యదా త్సుసెకో కూడా కథలు రాసే మనిషే. తర్వాత ఆమె రచన అకుతగావా సాహిత్య బహుమతి పరిశీలనకు వెళ్లింది.

రెండో ప్రపంచ యుద్ధంలోకి జపాను దిగాక ఇంగ్లీషు శత్రువుల భాష అయింది. అంతకు ముందే, 1939లో స్వదేశానికి వెళ్లిపోతున్న కెనడా మిషనరీ ఒకామె అనువాదకురాలు మురఓకా హనాకో చేతిలో ఒక పుస్తకం పెట్టింది. అది ఎల్. ఎం. మాంట్‌గొమరీ 1908లో రాసిన ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’. హనాకో చదివింది కూడా టోక్యోలో కెనడా మిషనరీలు నడిపిన తోయో ఎయ్‌వా బాలికల బడిలోనే. బాంబుదాడుల రోజుల్లోనూ ఆమె ఆ అనువాదాన్ని గుట్టుగా కొనసాగించింది. ‘అకగె నో అన్’ పేరుతో అది 1952లో అచ్చయింది. ఎర్రజుట్టు అనాథ పిల్ల ఆన్ కూడా స్నేహితురాళ్లతో కథల సంఘం పెట్టుకుని రాసేదే.

ఆన్‌కు వచ్చినంత పేరు మాంట్‌గొమరీ మరో నాయిక ఎమిలీకి రాలేదు. నిజానికి రచయిత్రి కావాలన్న పట్టుదలనే కథగా నడిపినవి 1923 నుంచి 1927 దాకా వచ్చిన ఎమిలీ నవలలు మూడూను. అచ్చుకు నోచుకోక తిరిగొచ్చే రాతప్రతులు, రాత మానమనే బంధువులు, పెళ్లికీ కలానికీ మధ్య ఊగిసలాట వాటిలో సూటిగా కనిపిస్తాయి. ఈ విషయంలో ‘లిటిల్ విమెన్’ కంటే ఇవే గట్టి నవలలు. వీటిని కూడా 1960లలో జపాను భాషలోకి తెచ్చింది హనాకోయే. ఆమె 1968లో మరణించింది. ఆమె చేసిన ఆన్ అనువాదం జపానులో ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.