మూసీ వరద తర్వాత ఇండ్లు కట్టిన బోర్డు: మన సంఘాలు తెలుసుకోవాల్సిన చరిత్ర



పొదుపు ఎంత, అప్పు ఎంత, బాకీ ఎంత అనే లెక్కలు ఈ నివేదిక ముందు పేజీల్లో ఉన్నాయి. ఆ లెక్కల్లో కనబడని మాట ఒకటుంది. బర్రెల కోసమని, కిరాణం కోసమని తీసుకున్న అప్పుల్లో కొంత మన ఇంటి గోడల్లోనే కలిసిపోతుంది. ఇది సంఘంలో కూర్చునే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు ఊకె అనలేదు. ఒక్క వానకాలం కురిసే ఇంట్ల పిల్లలను పట్టుకొని కూర్చున్న తల్లికి బర్రె కంటె ముందు కప్పే కావాలనిపిస్తది.

మరి పేదవాళ్ల ఇంటికి పైసలు ఎవరు పెట్టాలి? ఎంత మిత్తికి పెట్టాలి? ఎవరికి ముందు ఇవ్వాలి? ఇవి మనకు కొత్త ప్రశ్నలు కానీ లోకానికి పాతవే. మన రాష్ట్రంలోనే నూరేండ్ల కింద దీని కోసం ఒక సంస్థ పెట్టారు. ఆ కథ మన సభ్యులందరూ తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు చీటీ పాట లాంటి సొసైటీలు

ఇంటి కోసం పది మంది పైసలు కూడబెట్టుడు ఇంగ్లండ్‌లో 1775లో బర్మింగ్‌హామ్ పట్టణంలో మొదలైందని చెప్తారు. రిచర్డ్ కెట్లీ అనే ఆయన ఒక తాగుడు దుకాణం నడిపేవాడు. అక్కడికి వచ్చేవాళ్లు నెలనెలా ఇంత అని వేసుకొని, పోగైన పైసలతో ఒకరి తర్వాత ఒకరికి ఇల్లు కట్టుకున్నారు. అందరికీ ఇండ్లు అయినంక సొసైటీ మూసేసేవాళ్లు. చూస్తే మన చీటీ లెక్కనే ఉంది. మనకు నవ్వొచ్చే సంగతి ఏందంటే, వాళ్లు తాగే దుకాణంలో కూర్చొని పొదుపు చేశారు. మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించి పొదుపు మొదలుపెట్టారు.

కానీ నెలనెలా పైసలు వేయగలిగినోళ్లకే ఆ సొసైటీలు పనికొచ్చాయి. రోజు కూలి మీద బతికేవాళ్లకు కాలేదు. అందుకే లండన్‌లో 1841 నుంచి కొన్ని కంపెనీలు వచ్చాయి. వాటాదార్ల దగ్గర సొమ్ము తీసుకొని కూలి జనానికి ఇండ్లు కట్టి కిరాయికి ఇచ్చేవి. వాటాదారుకు నూటికి ఏడాదికి 5 కంటే ఎక్కువ లాభం ఇవ్వమని ముందే కట్టుబాటు పెట్టుకున్నాయి. లాభం ఉండాలి, కానీ దానికి ఒక గీత ఉండాలి అనేది వాళ్ల ఆలోచన.

1865లో ఆక్టేవియా హిల్ అనే ఆడమనిషి లండన్‌లో పాడుబడిన మూడిండ్లతో ఈ పని మొదలుపెట్టింది. ఇండ్లు కొన్న సొమ్ము జాన్ రస్కిన్ అనే రచయితది. వారం వారం కిరాయి వసూలుకు ఆమె, ఆమెతో చేరిన ఆడవాళ్లే ఇంటింటికి పోయేవాళ్లు. కిరాయి విషయంలో గట్టిగా ఉండేవాళ్లు. మిగిలిన పైసలతో ఆ ఇండ్లనే మరమ్మతు చేసేవాళ్లు. ఇంటింటికి తిరిగి కంతు అడిగే మన సంఘం లీడర్లకు ఆ పని ఎంత కష్టమో వేరే చెప్పాల్సిన పని లేదు.

మన దేశంలో బొంబాయికి 1896లో ప్లేగు వచ్చింది. ఇరుకు ఇండ్లే రోగానికి కారణమని 1898లో ఇంగ్లీషు సర్కారు అక్కడ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టింది. ట్రస్టు ఇరుకు వాడలు కూలగొట్టింది, రోడ్లు వేసింది. కానీ కూలగొట్టినన్ని ఇండ్లు తొందరగా కట్టలేదని దానికి చెడ్డపేరు వచ్చింది. ఇంకోపక్క 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1912లో దాన్ని మార్చి, అప్పులకే కాకుండా వేరే పనులకు కూడా సంఘాలు పెట్టుకోవచ్చని, సంఘాలన్నీ కలిసి పై సంఘం పెట్టుకోవచ్చని రాశారు. మన గ్రామ సంఘం, మండల సమాఖ్య లాంటి ఆలోచన అప్పటికే ఉందన్నట్టు. 1915లో బొంబాయి గామ్‌దేవిలో సారస్వత్ సహకార గృహ సంఘం పుట్టింది.

మూసీ ముంచిన తర్వాత

మన ప్రాంతం ఇంగ్లీషువాళ్ల చేతిలో కాదు, నిజాం చేతిలో ఉండె. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌లో మూసీ పొంగింది. సుమారు 15,000 మంది చచ్చిపోయారని చెప్తారు. వేల ఇండ్లు కొట్టుకపోయాయి. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారంటారు. ఆ చెట్టు ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఉంది. అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి ఆ వరదలో తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకొని ఒక్కడే మిగిలాడు.

నది ఒడ్డున ఎవరుంటారు? మంచి జాగ కొనలేనోళ్లే ఎక్కువ ఉంటారు. అందుకే వరద వస్తే ముందు పోయేది మట్టి గోడలే.

వరద మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పమని 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. పైన చెరువులు కట్టి నీళ్లు ఆపాలని, పట్టణంలో మురుగు పోయే దారి చేయాలని ఆయన చెప్పారు. ఆ సలహాతోనే 1920 నాటికి ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ తయారయ్యాయి. ఇంతలో హైదరాబాద్‌కు కూడా ప్లేగు వచ్చింది. 1911లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాడు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు.

బోర్డు ఏం చేసింది

ఇది లండన్ కంపెనీల లెక్క వాటాదార్లు ఉన్న కంపెనీ కాదు. సర్కారు సొమ్ముతో నడిచే సంస్థ. కానీ పని దాదాపు అదే. జాగ తీసుకోవాలి, ఇరుకు ఇండ్లు తీసేయాలి, రోడ్లు, మోరీలు వేయాలి, గాలి వెలుతురు వచ్చే ఇండ్లు వరుసగా కట్టి తక్కువ కిరాయికి ఇవ్వాలి. నాంపల్లి, మలకుంట, సుల్తాన్ షాహీ, మొఘల్‌పురా లాంటి చోట్ల ఈ పని జరిగింది. ఆదాయాన్ని బట్టి చిన్నవి, పెద్దవి అని తరగతులుగా ఇండ్లు కట్టారు. నెలనెలా కిరాయి వసూలు చేశారు. పత్తర్‌గట్టిలో రాతి కట్టడాల దుకాణాలు, 1935లో మొజంజాహీ మార్కెట్ కూడా ఈ బోర్డు కట్టినవే. హైదరాబాద్‌కు పెండ్లి బట్టలకు పోయినప్పుడు వాటి ముందు నుంచే నడిచి ఉంటాం.

ఇందులో మంచి ఉంది. ఇల్లు అంటే నాలుగు గోడలే కాదు, నీళ్లు, మోరీ, బాట కూడా ఇంట్ల భాగమే అని బోర్డు పనిలో పెట్టి చూపించింది. కిరాయి పెట్టింది కాబట్టి పెట్టిన సొమ్ములో కొంతైనా తిరిగొచ్చే దారి ఉండె.

కొరత కూడా ఉంది. బస్తీ కూలగొట్టిన చోట పాతోళ్లందరికీ కొత్త ఇల్లు దొరకదు. ఎంత తక్కువ కిరాయి అయినా నెలనెలా కట్టాలంటే నెలనెలా ఆదాయం కావాలి. నౌకరీ ఉన్నోళ్లు కట్టగలరు. కైకిలి చేసే ఒంటరి ఆడమనిషి ఏం కడుతది? బొంబాయిలో వచ్చిన చిక్కే ఇది. లండన్‌లో వచ్చిన చిక్కూ ఇదే. ఎక్కడైనా అందరికంటే కింద ఉన్న మెట్టు మనిషే మిగిలిపోయింది.

పల్లెకు ఏమొచ్చింది

ఇంకో సంగతి మనం మర్చిపోవద్దు. ఆ బోర్డు పేరులోనే సిటీ ఉంది. నిజాం ఖజానాకు పల్లెల నుంచి పోయే భూమి శిస్తు పెద్ద రాబడి. అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న మన జనగామ తాలూకా రైతుల చెమట కూడా అందులో ఉంది. కానీ జనగామ పల్లెల్లో పేదలకు ఇండ్లు కట్టే బోర్డు రాలేదు. ఇక్కడ ఉన్నది గడీ, వెట్టి. చాకలి ఐలమ్మ సాగు చేసుకున్న భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడితే ఆమె ఇంటిని తగలబెట్టారు. ఒకే రాజ్యంలో ఒక దిక్కు ఇండ్లు కట్టే బోర్డు, ఇంకో దిక్కు ఇల్లు కాల్చే గూండాలు.

వరంగల్‌లో 1934లో ఆజంజాహీ మిల్లు పెట్టినంక కార్మికులకు క్వార్టర్లు కట్టారు. మిల్స్ కాలనీ పేరు ఇప్పటికీ ఉంది. అది కూడా మిల్లులో పని దొరికినోళ్లకే.

బోర్డు తర్వాత

1960లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పని ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు చేతికి వచ్చింది. వాయిదాల మీద ఇల్లు సొంతం చేసుకునే పద్ధతి పెరిగింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ అట్ల వచ్చిందే. ఊర్ల పేదల ఇండ్ల కోసం 1979లో వేరే హౌసింగ్ కార్పొరేషన్ పెట్టారు. అంటే పట్టణంలో బోర్డు పెట్టిన 67 ఏండ్లకు అన్నమాట. 1985లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం తండ్రి ఆస్తిలో ఆడబిడ్డలకు సమాన హక్కు ఇచ్చే చట్టం తెచ్చింది.

ఇప్పుడు ఇందిరమ్మ ఇండ్ల పథకంలో 5 లక్షలు ఇస్తున్నారు. ఇల్లు ఆడవాళ్ల పేరు మీదనే మంజూరు అవుతుంది. నూరేండ్ల కింద కాయితం మీద లేని మన పేరు ఇప్పుడు మొదటి గీతలో ఉంది. ఇది చిన్న సంగతి కాదు.

మరి మన సమాఖ్య ఏం చేయాలి

పైసలు విడతల వారీగా వస్తాయి. పునాది లేపి చూపిస్తేనే మొదటి విడత పడుతది. ఆ పునాదికి పైసలు లేనోళ్లే మళ్లీ మిగిలిపోతున్నారు. కొందరు బయట నూటికి 3 రూపాయల మిత్తికి తెస్తున్నారు. లక్ష రూపాయలు ఏడాది అట్లనే ఉంటే మిత్తే 36,000 అయితది. అదే సంఘం రూపాయి మిత్తికి ఇస్తే 12,000. తేడా 24,000. ఆ 24,000 ఇంటికి తలుపులు, కిటికీలు కావాలా, మిత్తి వ్యాపారి ఇంటికి పోవాలా అనేది మన చేతిలో ఉంది.

అందుకే మహాసభ ముందు మేం మూడు మాటలు పెడుతున్నాం.

ఒకటి, ఇంటి అప్పును ఇంటి అప్పు అనే రాద్దాం. బర్రె పేరు మీద రాస్తే ఆరు నెలలకు పాల పైసలు వస్తాయని కంతు పెడతాం. గోడ పాలియ్యదు. ఇంటి అప్పుకు కంతు చిన్నగా, గడువు ఎక్కువగా ఉండాలి.

రెండు, పునాదికి అప్పు ఇచ్చేటప్పుడు ఒంటరి అక్కలను, భర్త పోయినోళ్లను, జీతం లేనోళ్లను ముందు వరుసలో పెడదాం. తిరిగి కడుతదా అని అనుమానం వస్తే ఆ అప్పుకు సంఘం అంతా జామీను ఉందాం. లండన్‌లో, బొంబాయిలో, హైదరాబాద్‌లో మిగిలిపోయిన మనిషి తరిగొప్పులలో మిగిలిపోవద్దు.

మూడు, విడత పైసలు పడ్డ నాడే సంఘం అప్పు కంతు కట్టే అలవాటు చేసుకుందాం. ఆ పైస తిరిగొస్తేనే ఇంకో అక్క పునాది లేస్తది. 1775 నాటి చీటీ అయినా, మన గ్రామ సంఘం అయినా నడిచేది ఈ ఒక్క నియమం మీదనే.

పెద్ద బోర్డు పెట్టేంత ఖజానా మన దగ్గర లేదు. కానీ ఏ ఇల్లు కురుస్తుందో, ఎవరి పునాది ఆగిందో ఆఫీసులో కూర్చున్నోళ్ల కంటే మనకే బాగా తెలుసు. వచ్చే వానకాలం లోపల ప్రతి గ్రామ సంఘం తన ఊర్లో ఆగిపోయిన పునాదుల పేర్లు రాసి సమాఖ్యకు ఇవ్వాలని కోరుతున్నాం.