మొదటి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి

ఈరోజు మన దేశంలో ఆన్‌లైన్ షాపులు ఎలా నిలదొక్కుకున్నాయో చెప్పుకుందాం. ఇంట్లో పచ్చళ్ళో, చీరలో పెట్టుకుని ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునేవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఒక్కటే: "ప్రచారానికి ఎంత ఖర్చు పెట్టాలండీ?" దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉందని నా ఉద్దేశం. సరుకు కంటితో చూడకుండా, అమ్మేవాడి మొహం తెలియకుండా, జనం డబ్బులు ఎందుకు ఇస్తారు? తేడా వస్తే నష్టం ఎవరు భరిస్తారు? ఈ వ్యాపారం చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1999లో బెంగళూరులో ఫ్యాబ్‌మార్ట్ అనే ఆన్‌లైన్ షాపు మొదలైంది. మొదట పాటల సీడీలు అమ్మారు. ఆలోచన మంచిదే, కాలమే కలిసి రాలేదు. అప్పట్లో ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళే తక్కువ, క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ. కార్డు ఉన్నా ఆ నంబరు కంప్యూటర్‌లో కొట్టాలంటే భయం. ఆ షాపు తర్వాత ఇండియాప్లాజాగా పేరు మార్చుకుని, 2013లో మూతపడింది.

ఇక 2007కి వద్దాం. సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అని ఇద్దరు కుర్రాళ్ళు. ఇంటిపేరు ఒకటే గానీ అన్నదమ్ములు కారు. ఇద్దరూ ఢిల్లీ ఐఐటీలో చదివి, అమెజాన్‌లో పనిచేసి బయటికొచ్చారు. 4 లక్షల రూపాయల పెట్టుబడితో బెంగళూరు కోరమంగలలో ఒక ఫ్లాట్‌లో ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టారు. అమ్మింది పుస్తకాలు. గోడౌన్ లేదు. ఆర్డరు వచ్చాక పుస్తకం కొనుక్కొచ్చి ప్యాక్ చేసి పంపడమే.

మరి జనానికి తెలిసేదెలా? మహబూబ్‌నగర్‌కి చెందిన ఒక ఇంజనీరుకి సొంత వెబ్‌సైట్ ఉండేది. అందులో ఆయన రాసినదాని కింద సచిన్ తమ షాపు లింకు పెట్టారు. ఆయన అప్పటికే ఒక పుస్తకం కోసం వెతుకుతున్నారు. జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు ఛేంజ్ ద వరల్డ్'. వెంటనే ఆర్డరు పెట్టేశారు. ఫ్లిప్‌కార్ట్‌కి అదే మొదటి ఆర్డరు, అదీ మన తెలుగు నేల నుంచి!

చిక్కేమిటంటే, ఆ పుస్తకం ఎక్కడా దొరకలేదు. 'స్టాకు లేదు' అని ఒక్క మాట చెప్పి ఊరుకోవచ్చు. వాళ్ళు ఊరుకోలేదు. బెంగళూరులో షాపు షాపూ తిరిగి, చివరికి ఒక కాపీ పట్టుకుని పంపించారు. ఆ ఒక్క పుస్తకం మీద మిగిలింది ఎంతో గానీ, మాట మాత్రం నిలబడింది.

ఆ రోజుల్లోనే వాళ్ళు గంగారామ్స్ పుస్తకాల షాపు బయట నిలబడి, వచ్చేపోయేవాళ్ళ చేతిలో తమ పేరు అచ్చేసిన బుక్‌మార్కులు పెట్టేవాళ్ళు. పుస్తకాలు కొనేవాళ్ళు ఎక్కడుంటారో అక్కడికే వెళ్ళారన్నమాట. ఇది వింటే నాకు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గుర్తొస్తారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో జనానికి ఉచితంగా పంచారాయన. రాసుకుని చూస్తే నమ్మకం దానంతట అదే వస్తుంది కదా!

అయినా అసలు భయం అలాగే ఉండిపోయింది: ముందు డబ్బు కట్టాక వస్తువు రాకపోతే? 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ పెట్టింది. పార్సిల్ గుమ్మం దగ్గరికి వచ్చాకే డబ్బు ఇవ్వండి అంది. కార్డు లేనివాళ్ళు, చిన్న ఊళ్ళవాళ్ళు అప్పుడు ధైర్యంగా ముందుకొచ్చారు.

ఇది కొత్త ఉపాయం అనుకునేరు! మన తపాలా శాఖ 1877లోనే వీపీపీ పద్ధతి తెచ్చింది. పోస్ట్‌మ్యాన్ పార్సిల్ ఇచ్చి, డబ్బు తీసుకునేవాడు. అది అమ్మినవాడికి మనియార్డరుగా చేరేది. మన పెద్దవాళ్ళు పుస్తకాలు, మందులు అలాగే తెప్పించుకునేవారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రెండు పద్ధతుల్లోనూ భయం మాయమైపోలేదు, చేతులు మారింది. కొనేవాడి నెత్తిమీదున్న బరువు అమ్మేవాడి నెత్తికెక్కింది. "మాకొద్దు" అని పార్సిల్ వెనక్కి పంపితే రానూపోనూ ఖర్చు అమ్మినవాడిదే. పెద్ద కంపెనీలు పెట్టుబడిదారుల డబ్బుతో దాన్ని తట్టుకున్నాయి. వందల్లో లాభం చూసుకునే ఇంటి వ్యాపారానికి నాలుగు పార్సిళ్ళు వెనక్కొస్తే ఆ నెల కష్టం పోయినట్టే.

అందుకని, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. ప్రకటనల లెక్క తర్వాత వేసుకోండి. కొనేవాడి భయంలో ఎంత భాగం మీరు మోయగలరో ముందు లెక్క వేసుకోండి. మోయగలిగినంత దూరానికే, మోయగలిగినన్ని ఆర్డర్లకే ఒప్పుకోండి. ఒప్పుకున్నాక మాత్రం, ఊరంతా తిరిగైనా సరే, ఆ వస్తువు చేర్చండి.