పాట పోయినా పక్కవాడు ఉండాల: మారియో కార్ట్ ఆట చరిత్ర

మన సాంఘిక శాస్త్రం పుస్తకంలో రాజుల చరిత్ర ఉంది, యుద్ధాల చరిత్ర ఉంది, స్వాతంత్య్ర పోరాట చరిత్ర ఉంది. ఆటల చరిత్ర మాత్రం లేదు. వీడియో గేముకి చరిత్ర ఏమిటని పెద్దవాళ్ళు నవ్వుతారు కూడా. మార్కులు తగ్గేదానికి అదొక దారి అంటారు. అది నేను కాదనను. కానీ ఏ వస్తువు వెనకైనా దాన్ని చేసిన మనుషులు ఉంటారు. వాళ్ళకి వచ్చిన కష్టం ఉంటుంది. ఏది ఉంచాల, ఏది వదిలెయ్యాల అని వాళ్ళు చేసిన ఆలోచన ఉంటుంది. అదీ చరిత్రే. 30 ఏళ్ళు దాటినా ఇంకా నడుస్తా ఉన్న మారియో కార్ట్ అనే ఆట వెనక ఏం జరిగిందో ఈ వ్యాసంలో రాస్తాను.

కార్టు అంటే ఏమిటి?

కార్టు అంటే చిన్న రేసు బండి. పైకప్పు ఉండదు, తలుపు ఉండదు. ఇనుప గొట్టాల చట్రం, నాలుగు చిన్న చక్రాలు, చిన్న ఇంజను, ఒక సీటు, అంతే. నడిపేవాడు దాదాపు నేలకి ఆనుకొని కూర్చుంటాడు. ఇది 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. రేసు కార్లు చేసే కంపెనీలో మెకానిక్‌గా ఉన్న ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన, గడ్డి కోసే యంత్రాలకి వాడే రకం ఇంజనుని గొట్టాల చట్రానికి బిగించి మొదటి కార్టు చేసినాడు. పెద్ద రేసు కారు కొనాలంటే చాలా డబ్బు కావాల. కార్టుకి అంత అక్కర్లేదు. అందుకే అది తొందరగా దేశాలన్నిటికీ పాకింది. ఈ రోజు ఫార్ములా వన్ రేసుల్లో ఉండేవాళ్ళలో చాలామంది చిన్నప్పుడు కార్టు నడిపినవాళ్ళే.

మనకి ఇది దూరపు సంగతి కూడా కాదు. పళ్ళికొండ టోల్ గేటు నుంచి చెన్నై వైపు అదే రోడ్డులో పోతే, వేలూరు, శ్రీపెరుంబుదూరు దాటినాక ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. అక్కడ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళ రేసు ట్రాక్ ఉంది. అది 1990లో మొదలైంది. అంతకు ముందు షోళవరంలో విమానాల పాత రన్‌వే మీద రేసులు జరిపేవాళ్ళు. ఇప్పుడు ఇరుంగాట్టుకోట్టైలో కార్టుల కోసం వేరే ట్రాక్ కూడా కట్టినారు.

పేకముక్కల కంపెనీ

మారియో కార్ట్ చేసింది జపాన్‌లో క్యోటో నగరంలో ఉండే నింటెండో కంపెనీ. 1889లో ఆ కంపెనీ పని వేరే. పూలబొమ్మలు ఉండే హనాఫుడా అనే పేకముక్కలు చేసి అమ్మేది. వీడియో గేములకి వచ్చింది 1970లలో. 1981లో డాంకీ కాంగ్ అనే ఆటలో మారియో మొదటిసారి కనబడినాడు. షిగెరు మియామోతో అనే ఆయన ఆ బొమ్మని తయారుచేసినాడు. ఆ కాలపు తెర మీద ఒక మనిషి బొమ్మకి కొన్ని చుక్కలే దొరికేవి. అన్ని తక్కువ చుక్కల్లో జుట్టు గీయడం కష్టం, అందుకని టోపీ పెట్టినాడు. నోరు గీసేదానికి చోటు లేదు, అందుకని ముక్కు కింద పెద్ద మీసం పెట్టినాడు. మన ఇళ్ళల్లో ముగ్గు వేసేవాళ్ళకి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. చుక్కలు తక్కువైతే దానికి తగ్గ ముగ్గే వెయ్యాల. లోకమంతా గుర్తుపట్టే ఆ మొహం అట్లా కొరతలోనుంచి వచ్చింది.

ఇద్దరు ఆడాల అనే పట్టుదల

1990లో నింటెండో ఎఫ్-జీరో అనే రేసు ఆటని విడుదల చేసింది. అందులో బండ్లు చాలా వేగంగా పోతాయి, రోడ్లు పొడుగ్గా ఉంటాయి. కానీ ఒక లోపం ఉంది. ఒక్కరే ఆడాల. పక్కన కూర్చున్నవాడు చూస్తా ఉండాల్సిందే. ఇద్దరు కలిసి ఆడే రేసు చేద్దామని మియామోతో కింద పనిచేసే తదాషి సుగియామా, హిదెకి కొన్నో మొదలుపెట్టినారు.

ఇద్దరు ఆడాలంటే తెరని రెండు ముక్కలు చెయ్యాల. పై సగం ఒకరికి, కింద సగం ఇంకొకరికి. అప్పుడు ఆ యంత్రం ఒక్కో క్షణం రెండు బొమ్మలు గీయాల. దానికి అంత బలం లేదు. ఆ ఆటలో రోడ్డు నిజంగా రోడ్డు కాదు. చదునుగా ఉండే ఒక పెద్ద బొమ్మని వాల్చి, తిప్పి, నేల మాదిరిగా చూపిస్తారు. నేల మీద పరిచిన జంపఖానా చివర కూర్చొని దాని మీద గీతలు చూస్తే ఎట్లా ఉంటుందో అట్లాగ. రెండు వైపులా అట్లా తిప్పేదానికి సాయంగా ఆట క్యాసెట్టులోనే ఇంకొక చిప్పు పెట్టినారు. అప్పటికీ ఎఫ్-జీరో మాదిరి పొడుగు రోడ్లు, అంత వేగం రాలేదు.

ఇక్కడే వాళ్ళకి రెండు దారులు కనబడినాయి. వేగం కావాలంటే రెండో మనిషిని తీసెయ్యాల. రెండో మనిషి కావాలంటే వేగం తగ్గించాల. వాళ్ళు వేగాన్నే తగ్గించినారు. పొడుగు రోడ్డు బదులు చిన్న చదరంలో ఒదిగే మెలికల రోడ్డు వేసినారు. మెలికల రోడ్డు మీద పెద్ద కారు ఎందుకు? చిన్న కార్టు చాలు. అంటే కార్టు ఆట చేద్దామని వాళ్ళు మొదలుపెట్టలేదు. ఇద్దరి ఆట చేద్దామని మొదలుపెడితే అది కార్టు దగ్గరికి వచ్చి నిలిచింది.

ఇంకొక వింత ఏమంటే, మొదట్లో అందులో మారియో లేనే లేడు. పనిబట్టలు వేసుకున్న ఎవరో ఒక మామూలు మనిషి బండి నడిపేవాడు. రెండు బండ్లు పక్కపక్కన పోయినప్పుడు ఎవరిది ఏదో వెనకనుంచి తెలియాల కదా. ఒకసారి మారియోని కూర్చోబెట్టి చూస్తే బాగా కనబడినాడు. అట్లాగే ఉంచేసినారు. సూపర్ మారియో కార్ట్ అనే పేరుతో 1992 ఆగస్టు 27న జపాన్‌లో విడుదలైంది. ఆ ఆటలో ఒక్కరే ఆడినా తెర రెండు సగాలుగానే ఉంటుంది. కింద సగంలో మ్యాపో, వెనక వచ్చే బండ్లో కనబడతాయి. రెండోవాడు రాకపోయినా వాడి చోటు వాడికి ఉంది అన్నట్టు నాకు అనిపించింది.

పాటని వదులుకున్నారు

1996 డిసెంబరులో మారియో కార్ట్ 64 వచ్చింది. ఈసారి నలుగురు కలిసి ఆడవచ్చు. తెరని నాలుగు ముక్కలు చేసినారు. యంత్రం కొత్తది, బలం ఎక్కువ, కానీ నాలుగు ముక్కలంటే దానికీ బరువే. ఆ బరువు తగ్గించేదానికి వాళ్ళు ఏమేమి వదిలినారో చూడండి. రోడ్లు, కొండలు నిజమైన మూడు కొలతల్లో ఉంటాయి. కానీ నడిపేవాళ్ళు మాత్రం అట్ట మీద అతికించిన మాదిరి చదును బొమ్మలు. తిరిగినప్పుడు బొమ్మ మారుతుంది, అంతే. ఒక రోడ్డులో ఎడారి గుండా రైలు పోతా ఉంటుంది. ఎక్కువమంది ఆడేటప్పుడు ఆ రైలు పెట్టెల్ని తగ్గించేసినారు. ముగ్గురు గానీ నలుగురు గానీ ఆడితే రేసులో పాటే రాదు. ఒట్టి బండ్ల చప్పుడే.

నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. బొమ్మ తగ్గినా ఫరవాలేదు, రైలు పొట్టిదైనా ఫరవాలేదు, పాట పోయినా ఫరవాలేదు, నాలుగో మనిషి మాత్రం ఉండాల అని వాళ్ళు అనుకున్నారు.

నీలం చిప్ప, పెద్ద పాము

ఆ 64 ఆటలోనే నీలం చిప్ప కూడా మొదటిసారి వచ్చింది. దారిలో ఉండే పెట్టెల్ని గుద్దితే మనకి ఏదో ఒక వస్తువు దొరుకుతుంది. ముందున్నవాడికి అరటిపండు తొక్క మాదిరి చిన్న వస్తువులు వస్తాయి. వెనకున్నవాడికి వేగం పెంచేవి, బలమైనవి వస్తాయి. అందులో తాబేలు చిప్ప ఆకారంలో ఉండే నీలం చిప్ప నేరుగా పోయి మొదటి స్థానంలో ఉన్నవాడిని కొడుతుంది.

ఇది న్యాయమా అని లోకమంతా వాదన ఉంది. కష్టపడి ముందుకు పోయినవాడిని ఎందుకు కొట్టాల అంటారు. సెలవులకి మా పిన్ని కొడుకు ఆట పెట్టె తెచ్చినప్పుడు మా ఇంట్లో కూడా ఇదే తగువు జరిగింది. అప్పుడు మా అవ్వ ఒక మాట అనింది. "వైకుంఠపాళిలో పెద్ద పాము యాడ ఉంటాది? పైన, గెలిచేదానికి ముందే గదా." నిజమే. వైకుంఠ ఏకాదశి రాత్రి మనం ఆడే వైకుంఠపాళిలో కింద గళ్ళల్లో ఉన్నవాడికి పెద్ద భయం లేదు. పైకి పోయినవాడికే పెద్ద పాము. అందుకే ఆఖరి వరకు ఎవరూ లేచిపోరు. జపాన్‌వాళ్ళు తాబేలు చిప్పతో చేసింది మన పెద్దవాళ్ళు పాముతో ఎప్పుడో చేసినారు.

తరవాత వచ్చిన ఆటల్లో ఈ నియమాన్ని వాళ్ళు సరిచేస్తానే వచ్చినారు. 2003లో వచ్చిన డబుల్ డాష్‌లో చిప్పకి రెక్కలు పెట్టినారు. ఆ ఆటలో ఒక్కో బండి మీద ఇద్దరు ఉంటారు, ఒకరు నడిపితే ఒకరు వస్తువులు విసురుతారు. 2014లో వచ్చిన మారియో కార్ట్ 8లో ఆ చిప్పని పగలగొట్టే ఒక బూర కూడా ఇచ్చినారు. అంటే ముందున్నవాడి ఫిర్యాదు కూడా విన్నారన్నమాట.

2005లో మారియో కార్ట్ డీఎస్‌తో ఇంటర్నెట్ ద్వారా దూరంలో ఉన్నవాళ్ళతో ఆడటం మొదలైంది. 2008లో మారియో కార్ట్ వీ ప్లాస్టిక్ స్టీరింగుతో వచ్చింది. బొత్తాలు తెలియని పెద్దవాళ్ళు కూడా స్టీరింగు తిప్పినారు. అది 3 కోట్ల 70 లక్షలకి పైగా అమ్ముడుపోయింది. 2017లో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్‌లో చిన్నపిల్లల బండి రోడ్డు దాటి పడిపోకుండా పట్టుకునే ఏర్పాటు ఉంది. అది 6 కోట్లు దాటింది. 2025 జూన్ 5న వచ్చిన మారియో కార్ట్ వరల్డ్‌లో ఒకేసారి 24 బండ్లు పరుగెత్తుతాయి. అందులో కూడా ఒకే తెరని నలుగురు పంచుకోవచ్చు.

నిజమైన రేసులో ఏం చేసినారు?

ఆటలో అయితే చిప్ప విసరవచ్చు. నిజమైన రేసులో ఎక్కువమందిని చేర్చుకోవాలంటే ఎట్లా? దానికి జవాబు మన తమిళనాడులోనే ఉంది. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్ అనే ఆయన ఇక్కడి రేసులకి పెద్ద దిక్కు. మనలాగే తమిళనాట ఉంటా తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబం అది. విదేశీ రేసు కారు తెప్పించుకోవడం ఇక్కడ అందరికీ అయ్యే పని కాదు. అందుకని 1980ల చివర్లో ఆయన మారుతి 800 కారు ఇంజనుతో చిన్న రేసు కారు చేసినాడు. దాని పేరు ఫార్ములా మారుతి. ఊరూరా తిరిగే కారు ఇంజనే కాబట్టి ఖర్చు తక్కువ, విడిభాగాలు ఇక్కడే దొరుకుతాయి. అందరిదీ ఒకే రకం బండి కాబట్టి డబ్బున్నవాడు గెలవడు, నడపడం వచ్చినవాడు గెలుస్తాడు. ఆ రేసుల్లో నడిపినవాళ్ళలో నరైన్ కార్తికేయన్ ఒకడు. 2005లో ఫార్ములా వన్ రేసులో దిగిన మొదటి భారతీయుడు అతనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయినాడు. కోయంబత్తూరు దగ్గర ఉన్న కరి మోటార్ స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టినారు.

మనకి ఇందులో ఏముంది?

మా తరగతిలో పదకొండు మందిమి. ఆరో తరగతిలో పంతొమ్మిది మంది ఉండేవాళ్ళం. కబడ్డీ ఆడితే అయిదుగురు ఒక పక్క, అయిదుగురు ఒక పక్క, మిగిలిన ఒకరు లెక్క పెడతారు. ఇద్దరు రాకపోతే జట్లే కుదరవు. అందుకే మాకు ఒక సంగతి బాగా తెలుసు. ఎవరు గెలిచినారు అనేదాని కంటే ముందు, ఎంతమంది ఉన్నారు అనేది ముఖ్యం. కబడ్డీలో అవుటైనవాడు అట్లాగే బయట కూర్చోడు. మన జట్టుకి పాయింటు వస్తే మళ్ళీ లోపలికి వస్తాడు. ఆ నియమం లేకపోతే సగం ఆటకే సగంమంది ఇంటికి పోతారు.

చదువులో కూడా ఇంతే అని నాకు తోస్తుంది. లెక్కల్లో వెనకబడినవాడికి ముందున్నవాడు ఒక అరగంట చెప్తే, ముందున్నవాడి ర్యాంకు పోదు. వెనకున్నవాడు బడి మానుకోకుండా ఉంటాడు. నీలం చిప్ప ఎవరినీ నేరుగా గెలిపించదు. చేతిలో ఉన్నదాన్ని కింద పడేసి లేచిపోకుండా మాత్రం ఆపుతుంది.

మారియో కార్ట్ చేసినవాళ్ళు వేగం, బొమ్మ, రైలు, పాట అన్నీ కొంచెం కొంచెం వదులుకున్నారు. పక్కన కూర్చున్న మనిషిని మాత్రం వదులుకోలేదు. ఆ ఆట ఇన్నేళ్ళు నిలిచినదానికి ఇదే కారణమని నా అభిప్రాయం. ఈ సెలవుల్లో మీరు ఏ ఆట ఆడినా, వైకుంఠపాళి అయినా, కబడ్డీ అయినా, వీడియో గేము అయినా, ఓడిపోతా ఉన్నవాడిని ఇంకొక్క ఆటకి కూర్చోమని అడగండి. ఆట నిలిచేది వాళ్ళతోనే.