స్టెప్నీ లేని బండి



తాడేపల్లిగూడెమునుండి గణపవరము మీదుగా భీమవరము పోవు త్రోవలో, చక్రమునకు గాలి పోయి నిలిచిన కారును మీలో చూడనివారుండరు. అట్టి కారు కంటబడినంతనే మనము అడుగు మొదటి ప్రశ్న యొకటియే: "స్టెప్నీ ఉన్నదా, బాబూ?" ఉన్నచో అది అరగంట పని. లేనిచో కథ వేరు. ఈ స్టెప్నీ యను మాట తెలుగు కాదు; ఇంగ్లీషున సామాన్యముగా వాడు మాటయు కాదు. అది యొక వీథి పేరు. ఆ వీథి పేరు మన బండ్లకెట్లు అంటుకొన్నదో, స్టెప్నీ పుట్టకమునుపు బాటసారులు ఏమి చేసిరో నేడు మనవి చేసెదను. ఇది పాత కథయే. కాని క్రొత్త కార్లు కొన్ని మరల స్టెప్నీ లేకుండ వచ్చుచున్నవి గనుక, తెలిసికొనవలసిన కథ.

మన తాతలనాడు పంచరను మాటయే లేదు. ఇనుపకట్టు వేసిన బండిచక్రమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను నష్టము లేదు, మేకు గ్రుచ్చుకొన్నను నష్టము లేదు. అయితే ఆ బండిలో సుఖమును లేదు. వానకాలమున రేగడినేలలో అది ఇరుసుదాక దిగబడెడిది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసి కాలువలు సాగిన పిమ్మట, ఈ డెల్టాలో బరువులును మనుష్యులును చాలవరకు పడవలమీదనే పోవుచుండిరి. చక్రము మెత్తబడుటకు రబ్బరు రావలసియుండెను.

పచ్చి రబ్బరు ఎండకు కరగి జిగురగును, చలికి గట్టిపడి పగులును. దానిని గంధకముతో వేడిచేసినచో ఈ దోషము పోవునని 1839లో అమెరికా దేశస్థుడు చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. 1845లో స్కాట్లండు వాడగు రాబర్టు విలియం థామ్సన్, గాలి నింపిన రబ్బరు చక్రమునకు పేటెంటు పొందెను. గుఱ్ఱపుబండ్లకై చేసిన ఆ వస్తువు వెల అధికమగుటచే మరుగున పడెను. 1887లో బెల్‌ఫాస్టు పట్టణమునందలి పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్లబాటపై కుదుపులు పడుచుండుట చూచి, గాలి గొట్టమును చక్రమునకు చుట్టి చూచెను. థామ్సన్ సంగతి ఆయన యెరుగడు. 1888లో పేటెంటు లభించినను, పూర్వపు పేటెంటు బయటపడుటతో అది చెల్లకపోయెను. పేరు మాత్రము డన్‌లప్‌దే నిలిచినది.

గాలితో సుఖము వచ్చెను; సుఖముతోపాటు చిల్లియు వచ్చెను. ఆనాటి టైరును చక్రమునకు జిగురుతో అంటించుచుండిరి. 1889లో ఫ్రాన్సు దేశమందలి క్లెర్మోఁ-ఫెరాఁ పట్టణమున మిషెలిన్ సోదరుల కార్ఖానాకు ఒకడు గాలి పోయిన సైకిలు తెచ్చెనట. టైరు ఊడదీసి చిల్లి మూయుటకు గంటలకొలది కాలమును, జిగురు ఆరుటకు రాత్రియంతయు పట్టెను. మరునాడు ఎడ్వార్ మిషెలిన్ దానినెక్కి కొంతదూరము పోగానే గాలి మరల దిగిపోయెను. ఇతరుడైనచో ఆ సైకిలును తిట్టి ఊరకుండును. ఆయన ఊరకుండక, సులభముగా విప్పి తొడుగదగిన టైరును కనిపెట్టి 1891లో పేటెంటు పొందెను. 1895లో పారిసునుండి బోర్డో వరకు పోయి మరలివచ్చు మోటారు పందెమున, ఆ సోదరులు గాలిటైర్ల కారును తామే నడిపిరి. సుమారు 1,200 కిలోమీటర్ల ఆ త్రోవలో మాటిమాటికి పంచర్లు పడెను. అయినను వారు కూర్చుండి అతికించుకొనుచు తుదిదాక చేరిరి. స్టెప్నీ లేని ప్రయాణమన ఇట్టిది.

ఆ కాలపు బాటలపై గుఱ్ఱముల లాడములనుండి ఊడిన మేకులు మెండు. కారు చక్రము నేటివలె విప్పి మార్చుటకు వీలైనది కాదు. బాటప్రక్కనే టైరు ఊడదీసి అతుకు వేసికొనవలెను. 1904లో వేల్సు దేశమందలి లనెల్లీ పట్టణమున థామస్ మోరిస్ డేవీస్, వాల్టర్ డేవీస్ అను సోదరులు దీనికొక ఉపాయము పన్నిరి. గాలి నింపిన టైరు గల, ఆకులు లేని ఒక వలయమును వారు చేసిరి. గాలి పోయిన చక్రమును విప్పకుండగనే దాని ప్రక్కన ఈ వలయమును బిగించి ఇంటికి చేరవచ్చును. వారి దుకాణమున్న వీథి పేరు స్టెప్నీ వీథి; అదియే సరకు పేరయ్యెను. కొలది యేండ్లకే చక్రమునే విప్పి మార్చు ఏర్పాటు వచ్చి ఆ వలయము మూలబడెను. కాని పేరు చావలేదు. మనదేశమున స్టెప్నీ అనియే యందురు. బ్రెజిలు దేశస్థులు ఎస్తెపే యందురు.

స్టెప్నీ యున్నను టైరు కరవైన కాలమొకటి వచ్చెను. 1942లో మలయా, సింగపూరులు జపాను వశమగుటతో మిత్రరాజ్యములకు వచ్చు రబ్బరులో అధికభాగము నిలిచిపోయెను. మనదేశమున టైర్లకు రేషను పెట్టిరి. పెట్రోలు లేక బస్సులు బొగ్గుగాలితో నడచినవి. చిరిగిన టైరులోపల పాతటైరు తునక వేసి, ట్యూబుపై అతుకుమీద అతుకు వేసి బండ్లు నడిపిరి.

తరువాత మన ఎడ్లబండికిని రబ్బరు టైరు వచ్చెను. ఎడ్లకు బరువు తేలికయ్యెను గాని, తుమ్మముల్లు శత్రువయ్యెను. ఆ బండికి స్టెప్నీ కట్టుకొనువారు అరుదు. బండివాడు బరువు దింపి, బండికి ఆపు పెట్టి, చక్రము విప్పి వెనుక వచ్చు బండిలో వేసికొని పంచరు దుకాణమునకు పోయెడివాడు. అచ్చట ట్యూబును నీళ్ల తొట్టెలో ముంచి, బుడగ వచ్చుచోట చిల్లి పట్టి, గీకి, సొల్యూషను పూసి అతికించెడివారు. తోటి బండివాడే అతని స్టెప్నీ.

ఇక నేటి సంగతి. 2020వ సంవత్సరము జూలైలో భారత ప్రభుత్వము మోటారు వాహన నిబంధనలను సవరించెను. 3.5 టన్నులకు మించని ప్రయాణికుల కార్లలో ట్యూబు లేని టైర్లును, గాలి తగ్గినపుడు హెచ్చరించు సాధనమును, పంచరు బాగుచేయు సామగ్రియు ఉన్నచో స్టెప్నీ యుండనక్కరలేదని అనుమతించెను. ఆ సామగ్రిలో సామాన్యముగా చిల్లిని పూడ్చు ద్రవమును, గాలికొట్టు చిన్న యంత్రమును ఉండును. నేలకు తగులు భాగమున పడిన చిన్న చిల్లికి అది పనిచేయును. టైరు ప్రక్కభాగము చీలినచో పనిచేయదు.

కావున మీ పిల్లలు కారు కొన్నపుడు స్టెప్నీ యున్నదో లేదో మొదటనే చూడుమనుడు. గాలి పోయిన చక్రముతో బండిని ఈడ్చుకొని పోవలదని చెప్పుడు. ఇనుప చట్రమునకును బాటకును నడుమ టైరు నలిగి, చిన్న ఖర్చుతో పోవు పని వేల రూపాయల నష్టమగును. ట్యూబు లేని టైరున మేకు దిగినచో తొందరపడి పెరుకవలదు. మేకే కొంతవరకు గాలిని ఆపుచుండును. గాలి కొట్టించుకొని మెల్లగా దగ్గరి దుకాణము చేరవచ్చును. టైరులో వరిగడ్డి కుక్కి నడుపుట పూర్వపు మోటారువారి చివరి ఉపాయము. నేటి వేగములకు అది తగదు.

మన ప్రాంతమున మరియొక అపాయము కలదు. కొల్లేటి వైపు బాటలు చాలచోట్ల కట్టలవంటివి. ఒకవైపు కాలువ, ఒకవైపు చేపలచెరువు. అంచు ఇరుకు, మన్ను మెత్తన. జాకీ దిగబడును. దాని క్రింద గట్టి పలక వేయవలెను. జాకీమీద నిలిచిన బండిక్రింద తల పెట్టరాదు. రాత్రివేళ ఐస్ వేసిన చేపల లారీలు వేగముగ వచ్చును. టైరు పోయిననేమి, మనిషి మిగులవలెను గదా! వెలుగుచు ఆరుచునుండు దీపములు వేసి, మనుష్యులను బాటకు దూరముగ దింపి, పిమ్మట చక్రము సంగతి చూడవలెను. ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగ పోవు జాతీయ రహదారిపైనైనచో 1033 నంబరునకు ఫోను చేసిన సహాయము వచ్చును. లోపలి ఊళ్ల బాటలలో ఆ సహాయము మనమే.

పూర్వము బండి దిగబడినదన్నచో పొలమునుండి నలుగురు వచ్చి భుజము పట్టెడివారు. స్టెప్నీ లేని కారు మీ ఊరి కట్టపై ఆగిన రాత్రి, ఒక లాంతరుతో ఎదురేగి, పంచరు దుకాణమెచ్చటనో చూపుడు.