మలబద్ధకం

మలబద్ధకం అనగా మలవిసర్జన కష్టమగుట, లేదా వారానికి మూడుసార్లకంటే తక్కువగా జరుగుట. పీచు, నీరు చాలకపోవడం, ఇనుము మాత్రలు, థైరాయిడ్ లోపం కొన్ని కారణాలు. విసర్జనను ఆపుకోవడం మరొకటి. ఆయుర్వేదంలో దీనిని వేగధారణ అంటారు. మరుగుదొడ్డి లేని ఇళ్ళలో స్త్రీలు చీకటి పడేవరకు ఆపుకొనక తప్పేది కాదు. కృష్ణా జిల్లా చల్లపల్లిలో 2014లో మొదలైన స్వచ్ఛ చల్లపల్లి ఉద్యమం బహిరంగ మలవిసర్జన నిర్మూలనకు పాటుపడింది.

వ్యాధి తీవ్రమైనపుడు మలం పురీషనాళంలో గట్టిపడి అడ్డుపడుతుంది. దాని పక్కనుండి పలుచని మలం కారుతుంది. వృద్ధులలో దీనిని విరేచనాలుగా భ్రమించి, అవి కట్టే మందు వేయడం ప్రమాదకరం. ఈ స్థితిలో ఇసబ్గోలు కూడా తగదు. వైద్యుని పర్యవేక్షణలో ఎనిమా, పాలీఎథిలీన్ గ్లైకాల్ వాడతారు. కడుపు ఉబ్బి, వాంతులై, అపానవాయువు సైతం పోనిచో ప్రేగు మూసుకుపోయి ఉండవచ్చును. అప్పుడు ఆముదం వంటివి పట్టరాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

నివారణకు తోటకూర, గోరుచిక్కుడు, జామపండు, దంపుడు బియ్యం, తగినంత నీరు, నడక ఉపకరిస్తాయి.